బొమ్మకు పట్టిన సబ్బు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు "మీరు దేంట్లో డాక్టరేట్ చేశారు?" అని అడిగితే, "వందల ఏళ్ల నాటి ఆయిల్ పెయింటింగులు ఎందుకు పాడవుతున్నాయో చూసే కెమిస్ట్రీలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. మీరు ఊరుకోలేదు. అటక మీది పటాల దగ్గర్నుంచి వాన్ గో పొద్దుతిరుగుడు పూల దాకా అన్నీ అడిగారు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం బొమ్మల రోగాలకే.

ప్రశ్న: నీళ్ల రంగులు ఎండితే నీళ్లు ఆవిరైపోతాయి. మరి ఆయిల్ రంగులు ఎండితే ఆయిల్ ఎక్కడికి పోతుంది?
– 9వ తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఎక్కడికీ పోదు నాన్నా, అక్కడే ఉంటుంది. నేను నీ వయసులో ఉన్నప్పుడు ఈ ప్రశ్న అడగాలని నాకు తోచనే లేదు. మా నాన్నగారు విజయనగరంలో పెయింటింగ్ కాంట్రాక్టరు. తలుపులు, కిటికీలు, షాపుల బోర్డులు ఆయన పని. ఇంట్లో ఎప్పుడూ అవిసె నూనె వాసనే. పనివాళ్లు దాన్ని లిన్సీడ్ అనేవాళ్లు. సుద్దపొడిలో ఆ నూనె పోసి చపాతీ పిండిలా పిసికితే కిటికీ అద్దాలు బిగించే లప్పం వచ్చేది. ఆ లప్పంతో గోలీలు చేసుకోవడం మా సెలవుల ఆట. నాలుగు రోజులకు అవి నిజం గోలీల్లా గట్టిపడేవి.

ఆ నాలుగు రోజుల్లో జరిగేది ఎండడం కాదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది, అప్పుడు దాని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి. అందుకే ఎండుతున్న నూనె పొర బరువు మొదట్లో తగ్గదు, పెరుగుతుంది. సగం వాడి వదిలేసిన పెయింటు డబ్బా మూత తీసి చూడు. పైన మీగడ కట్టి ఉంటుంది, కింద ఇంకా ద్రవమే. గాలి తగిలిన చోటే అల్లిక మొదలైందన్నమాట.

నువ్వే చేసి చూడొచ్చు. ఒక గాజుముక్క మీద అవిసె నూనె చుక్క, ఇంకో ముక్క మీద కొబ్బరి నూనె చుక్క పలచగా రాసి కిటికీలో పెట్టు. అవిసె నూనె పది పదిహేను రోజుల్లోనో, ఇంకొంచెం ఆలస్యంగానో జిగురెక్కి గట్టిపడుతుంది. కొబ్బరి నూనె నువ్వు పదో తరగతికి వెళ్లినా నూనెలాగే ఉంటుంది, దాని అణువులకు చేతులు కలిపే గుణం లేదు కాబట్టి. ఒక్క జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడెయ్యకు. ఆ ఆక్సిజన్ పీల్చుకునే పనిలోనే వేడి పుట్టి, గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. మా నాన్నగారు పని కాగానే గుడ్డలన్నీ నీళ్ల బకెట్‌లో ముంచేవారు. ఎందుకో ఆయనకు రసాయన శాస్త్రం చెప్పలేదు, కాలిపోయిన ఒక గోడౌను చెప్పింది.

ప్రశ్న: ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నెదర్లాండ్స్‌లో ఒక పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ వచ్చింది. విషయం: ఆయిల్ పెయింటింగుల్లో సీసపు సబ్బులు. "కెమిస్ట్రీ చదివి పటాల దుమ్ము దులపడానికి పోతావా? నాలుగేళ్లు బొమ్మ ముందు కూర్చుని ఏం కనిపెడతావు?" అని ఇంట్లో గొడవ. నాకేమో కుంచె పట్టుకోవడమే రాదు. టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా?
– విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: 'నువ్వు' అంటున్నాను, ఏమనుకోకమ్మా. నీ ఉత్తరం చదువుతుంటే మా ఇంటి వరండా గుర్తొచ్చింది. మా ఇంట్లో అడిగిన ప్రశ్న కూడా ఇదే, కాకపోతే అడిగింది రంగులు వేసే మనిషే. "వేసిన రంగు పోతే గీకి మళ్లీ వేస్తాం. దానికి డాక్టరేట్ ఎందుకే?" అన్నారు నాన్నగారు. తలుపు విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల విషయంలో గీకి మళ్లీ వేయలేం, అదే వచ్చిన చిక్కు.

సంగతి ఎలా మొదలైందో చెబుతాను, ఇంటర్వ్యూకీ పనికొస్తుంది. హేగ్ నగరంలో మౌరిట్స్‌హౌస్ మ్యూజియం ఉంది. అక్కడ రెంబ్రాంట్ 1632లో వేసిన 'డాక్టర్ టుల్ప్ శరీరశాస్త్ర పాఠం' ఉంది. ఒక శవం చెయ్యి కోసి కండరాలు చూపిస్తున్న డాక్టరు, చుట్టూ మెడలు చాచి చూస్తున్నవాళ్లు. 1996-98 మధ్య దాన్ని శుభ్రం చేసి బాగుచేస్తున్నప్పుడు, రంగు మీద సన్నటి పొక్కులు కనిపించాయి. చెమటకాయల్లాంటివి. కొన్ని పగిలి, మధ్యలో గుంట పడి ఉన్నాయి. బాగుచేస్తున్న పెట్రియా నోబుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లో పరిశోధనశాల నడుపుతున్న యాప్ బోన్ కలిసి వాటి లోపలికి తొంగిచూశారు. దుమ్మూ కాదు, ఇసుకా కాదు. సబ్బు.

సబ్బు అంటే నిజంగా సబ్బే. నూనెలో కాస్టిక్ సోడా పోసి కాస్తే ఏమవుతుందో నీకు తెలుసు: నూనెలోని కొవ్వు ఆమ్లం సోడియంతో జత కడుతుంది. పెయింటింగులో సోడియం స్థానంలో సీసం ఉంటుంది, అంతే తేడా. పాత కాలపు తెల్లరంగు సీసపు కార్బొనేటు. అవిసె నూనె వల అల్లుకుంటున్నప్పుడు అందులోని పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు మాత్రం అల్లికలో చేతులు కలపవు. పక్కవాళ్ల కొంగు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ గాలిలోని తేమ ఆ కొంగును తెంపుతుంది. విడిపడ్డ ఆమ్లాలు రంగు పొరల్లో మెల్లగా తిరుగుతూ సీసం అయాన్లను పట్టుకుంటాయి. ఆ జంటలు ఒకచోట చేరి ముద్ద కట్టి, మిల్లీమీటరులో పదోవంతు దాకా ఉబ్బి, పైన ఉన్న రంగును నెట్టుకుని బయటికొస్తాయి. ఇంకో నష్టం కూడా ఉంది. తెల్లటి సీసం సబ్బుగా మారినచోట పొర పారదర్శకం అవుతుంది, కింద ఉన్న ముదురు పొర పైకి కనిపిస్తుంది. బొమ్మ నల్లబడిందని మనం అనుకునేది ఒక్కోసారి అదే.

ఇవి మ్యూజియంలో ఉన్న ఏ ఒక్క బొమ్మకో వచ్చిన జబ్బు కాదు. అమెరికాలో చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ బొమ్మల మీది పొక్కుల్ని చాలాకాలం న్యూమెక్సికో ఎడారి ఇసుక రేణువులు అనుకున్నారు, ఆవిడ అక్కడే ఉండేది కాబట్టి. అవీ సబ్బులే అని తేలింది.

ఇక నాలుగేళ్లు ఏం చేస్తారంటావా? నా ప్రశ్న చాలా చిన్నది: గాలిలో తేమ ఎంతుంటే సబ్బు ఎంత తొందరగా పడుతుంది? రెంబ్రాంట్ బొమ్మ మీద ప్రయోగాలు చేయనివ్వరు కదా. అందుకని సీసపు తెలుపునూ అవిసె నూనెనూ గ్లౌజులు వేసుకుని నేనే నూరి, గాజు పలకల మీద పరిచాను. ఆ పలకల్ని మూతలున్న గాజు సీసాల్లో పెట్టాను. ఒక్కో సీసా అడుగున ఒక్కో ఉప్పు నీళ్లు, అడుగున ఉప్పు ఇంకా మిగిలి ఉండేంత చిక్కగా. మామూలు వంట ఉప్పయితే సీసాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం. లక్షలు పోసి కొన్న మెషిన్లున్న ల్యాబులో నా పరిశోధనను మోసింది ఈ ఉప్పు సీసాలే అంటే నమ్మవు.

వారం వారం పలక తీసి ఇన్‌ఫ్రారెడ్ కింద పెట్టేదాన్ని. గ్రాఫులో 1740 దగ్గర నూనె శిఖరం. సీసపు సబ్బు పడితే శిఖరం లేవాల్సింది 1513 దగ్గర. అక్కడ మొదట్లో ఏమీ లేదు, చదునైన నేల. నెలలు గడిచాక ఒకరోజు 75 శాతం సీసాలోని పలకలో ఆ 1513 దగ్గర నేల కొంచెం లేచినట్టు అనిపించింది. మళ్లీ తీశాను, లేచింది. పక్కన 33 శాతం పలక ఇంకా చదునుగానే ఉంది. ఆ సాయంత్రం నేను సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి పోతూ తెలుగులో పాడుకున్నాను, ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాదు కనక.

పాత బొమ్మల నుంచి నమూనా తీసుకోవడం ఇంకో లోకం. తీసేది గసగసం గింజకంటే చిన్న రేణువు. అదీ అప్పటికే బీట వారిన చోటి అంచు నుంచి, బాగుచేసే నిపుణులే సూక్ష్మదర్శిని కింద చూస్తూ సన్నటి కత్తి మొనతో తీస్తారు. దాన్ని రెజిన్‌లో పాతిపెట్టి, గట్టిపడ్డాక పక్కనుంచి అరగదీస్తే పొరలు బయటపడతాయి. తాపేశ్వరం మడత కాజాను అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందో అలా. అట్టడుగున ఎర్రమట్టి పొర, దాని మీద బూడిద రంగు పొర, మీద అసలు రంగులు, అన్నిటికంటే పైన వార్నిష్. అతినీలలోహిత కాంతి పెడితే సబ్బు ముద్దలు చీకట్లో దీపాల్లా వెలుగుతాయి.

అలాంటి రేణువు ఒకటి పోగొట్టాను. దాని అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూశాను. జనవరి నెల, హీటర్ వేసి గాలంతా ఎండిపోయి ఉంది. సూదిమొన మీదున్న రేణువు ప్లాస్టిక్ మూత దగ్గరికి తేగానే స్టాటిక్ కరెంటుకి టక్కున ఎగిరింది. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని టార్చ్ వేసి, టేపుతో అద్ది అద్ది వెతికాను. మూడు రేణువులు దొరికాయి. రెండు దుమ్ము. మూడోది నిజంగానే గసగసం గింజ, ఎవరి బన్ను నుంచో రాలింది. వణుక్కుంటూ పోయి మా గైడుకు చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, తను పోగొట్టుకున్న రెండిటి కథ చెప్పింది. ఆ రోజు నుంచి నమూనా తీసే గదిలో నీళ్ల గిన్నె పెట్టి తేమ పెంచాకే పని మొదలుపెట్టేదాన్ని. రంగుకు శత్రువైన తేమ నాకు మిత్రువైంది ఆ గదిలోనే.

కుంచె పట్టడం రాకపోతే ఫర్వాలేదు. కానీ ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం పక్కన 'అటెలియర్' భవనం ఉంది. మ్యూజియం వాళ్లు, యూనివర్సిటీ వాళ్లు, ప్రభుత్వ వారసత్వ సంస్థ వాళ్లు ఒకే కప్పు కింద పనిచేస్తారు. బొమ్మలు బాగుచేసేవాళ్ల పక్కన కూర్చుని గంటలు గంటలు చూడు. కెమిస్టుకు పొక్కు కనిపిస్తుంది, వాళ్లకు ఆ పొక్కు ఏ నీడలో ఉందో, వందేళ్ల క్రితం దాని మీద ఎవరు ఇస్త్రీపెట్టె పెట్టారో కూడా కనిపిస్తుంది. నిజమే, పాత కాన్వాసు వెనక కొత్త గుడ్డ అతికించడానికి మైనం పూసి వేడిగా అద్దేవాళ్లు. ఆ వేడి కూడా సబ్బుల కథలో ఒక అనుమానితుడే. ఇంటర్వ్యూలో "నాకు కళంటే ప్రాణం" అని మొదలుపెట్టకు. ఆ మాట వాళ్లు రోజూ వింటారు. "తేమ, వేడి, ఈ రెండిట్లో దేని తప్పు ఎంతో ఎలా విడదీస్తారు?" అని నువ్వే అడుగు.

ఇంట్లో వాళ్లకు చెప్పాల్సినవి: అక్కడ పీహెచ్‌డీ అంటే నాలుగేళ్ల ఉద్యోగం, జీతం ఇస్తారు, స్కాలర్‌షిప్ కోసం దేబిరించక్కర్లేదు. ల్యాబులో డచ్చి భాష రాకపోయినా నడుస్తుంది. దాచకుండా చెప్పాల్సింది కూడా ఒకటుంది: మ్యూజియం ఉద్యోగాలు చాలా తక్కువ. నాతో చదివిన వాళ్లలో ఎక్కువమంది పెయింట్ల కంపెనీల్లో, ప్లాస్టిక్కుల్లో, బ్యాటరీల్లో ఉన్నారు. వాళ్లెవరూ బాధపడుతున్నట్టు లేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు ఉండడు. ఆవకాయ ఎక్కువ తీసుకెళ్లు.

చివరి రోజు మాత్రం భలే ఉంటుంది. పరీక్షకులు నల్లగౌన్లలో వరుసగా వచ్చి కూర్చుంటారు. సరిగ్గా నలభై ఐదు నిమిషాలు ప్రశ్నలు. సమయం కాగానే పెడెల్ అనే ఉద్యోగిని దండం పట్టుకుని లోపలికొచ్చి "హోరా ఎస్ట్" అంటుంది. వేళయింది అని. అంతే, నువ్వు ఏ మాట మధ్యలో ఉంటే అక్కడే ఆగిపోవాలి. నేను పట్టుచీరలో నిలబడి "సీసం కన్నా జింకు ప్రమాదకరం, ఎందుకంటే" అంటుండగా ఆవిడ వచ్చేసింది. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉంది.

దానికి నాన్నగారు వచ్చారు. మర్నాడు ల్యాబు చూపించాను. గుమ్మంలో ఆగి ముక్కుతో గాలి పీల్చి "లప్పం వాసన" అన్నారు. తర్వాత నా సీసపు తెలుపు డబ్బా చూసి "ఇందులో సుద్ద కలిపేవాళ్లు కాదా?" అని అడిగారు. కలిపేవాళ్లే. పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో స్వచ్ఛమైన సీసపు తెలుపు ఒక పేరుతో, సుద్ద కలిపిన చవక తెలుపు ఇంకో పేరుతో అమ్మేవాళ్లు. అది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి. ఆయన అడిగింది కాంట్రాక్టరు అనుభవంతో.

వెళ్లమనే అంటాను. నిర్ణయం నీది, వెళ్లాక ఉత్తరం రాయడం మాత్రం మరచిపోకు.

ప్రశ్న: డ్రాయింగ్ మాస్టారిని. పిల్లలకు వాన్ గో పసుపు గురించి చెబుతుంటాను. ఆ పసుపు గోధుమరంగుకు తిరుగుతోందని విన్నాను. నిజమేనా?
– నరసరావుపేట

జవాబు: నిజమే మాస్టారూ. అది క్రోమ్ పసుపు, లెడ్ క్రోమేట్. మన దగ్గర కల్తీగాళ్లు వంట పసుపులో రంగు కోసం కలిపేది కూడా ఈ పదార్థమే. వాన్ గో దాన్ని గుడ్డ మీద పూశాడు, వీళ్లు మన కూరలో పోస్తున్నారు.

వెలుగు తగిలినప్పుడు అందులోని క్రోమియం ఆరు నుంచి మూడుకు దిగుతుంది. పదో తరగతిలో చెప్పే ఆక్సీకరణ స్థితులే. ఆరు మీదున్నప్పుడు పసుపు, మూడుకు దిగితే ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు. ఇటలీ పరిశోధకురాలు లెటీజియా మోనికో, ఆవిడ బృందం ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం పుట్టించే బలమైన ఎక్స్-కిరణాలతో చూసి 2011లో ఈ సంగతి బయటపెట్టారు. అన్ని క్రోమ్ పసుపులూ ఒకటి కావు. నిమ్మపండు ఛాయవి, అంటే సల్ఫేటు ఎక్కువ కలిసినవి, తొందరగా చెడతాయి. నారింజ ఛాయవి నిలబడతాయి. వాన్ గో రెండూ వాడాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని 'పొద్దుతిరుగుడు పూలు' బొమ్మను ఇక ఏ ఊరికీ పంపమని 2019లో ఆ మ్యూజియం తేల్చి చెప్పింది.

బొమ్మలు కూడా పూలలాగే వాడిపోతాయని వాన్ గో తమ్ముడికి రాసిన ఉత్తరాల్లో ఉంది, అంటే ఆయనకు ముందే తెలుసు. ఆయన పడకగది బొమ్మలో గోడలు లేత ఊదా అని తనే రాశాడు, ఇప్పుడు చూస్తే నీలం. అందులోని ఎరుపు వెలిసిపోయింది. క్లాసులో పిల్లలకు ఆ ఉత్తరంలోని రంగులు చదివి, బొమ్మ చూపించి, తేడా పట్టుకోమనండి. నేను చూసినంతలో ఇంతకంటే మంచి పాఠం లేదు.

వెలుగే అన్నిటికీ కారణం అనుకోకండి. నార్వే చిత్రకారుడు మూంక్ వేసిన 'అరుపు'లో, 1910 ప్రాంతంలో వేసినదాంట్లో, కాడ్మియం పసుపు తెల్లబడి రాలుతోంది. 2020లో వచ్చిన పరిశోధనలో అక్కడ వెలుగుకన్నా తేమదే పెద్ద పాత్ర అని తేలింది. గాలిలో తేమ 45 శాతం దాటకుండా చూడమన్నారు. గుంపులుగా వచ్చి దగ్గరగా నిలబడి ఊపిరి వదిలే మనమే అక్కడ తేమ.

ప్రశ్న: ఆమ్‌స్టల్‌ఫేన్‌లో ఉంటాం, నేను ఐటీలో పనిచేస్తాను. మొన్న వేసవిలో అమ్మానాన్నలను రైక్స్ మ్యూజియంకి తీసుకెళ్లాను. రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' చుట్టూ గాజు గది కట్టి లోపల ఎవరో పనిచేస్తున్నారు. "ఇన్నేళ్లుగా ఒక్క బొమ్మకు ఏం చేస్తున్నారురా?" అని నాన్న అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
– ఆమ్‌స్టల్‌ఫేన్

జవాబు: నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ పని 2019 జూలైలో మొదలైంది. బొమ్మ దాదాపు నాలుగున్నర మీటర్ల వెడల్పు. ఏ రంగులో ఏ లోహం ఉందో చూసే ఎక్స్-కిరణాల స్కానింగే 56 భాగాలుగా చేశారు, ఒక్కో భాగానికి ఇరవై నాలుగు గంటలు. ఆ తర్వాత 8,439 ఫోటోలు తీసి ఒకటిగా కలిపారు. అందులో ఒక్కో చుక్క 5 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం అందులో పది పదిహేను చుక్కలు అవుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. గుడ్డకూ మొదటి రంగు పొరకూ మధ్య సీసం ఉన్న ఒక పూత దొరికిందని 2023లో ప్రకటించారు. 1642లో ఆ బొమ్మ వేసింది సైనికదళం వాళ్ల హాలు కోసం. అక్కడ అది వేలాడాల్సింది బయటి గోడకు, చెమ్మ పట్టే గోడకు. అందుకని రెంబ్రాంట్ సీసం ఎక్కువున్న నూనెతో గుడ్డను తడిపి ఉండొచ్చంటున్నారు. మా నాన్నగారు వాన తగిలే వైపు తలుపుకు ముందు ఒక చేయి ఉత్త నూనె పట్టించేవారు. వ్యాపారం అంటే వ్యాపారమే, ఏ శతాబ్దమైనా.

2024 నవంబరులో పాత వార్నిష్ తీయడం మొదలుపెట్టారు. మీరు చూసింది ఆ దశే అయ్యుంటుంది. అన్నట్టు, నాన్నగారికి ఇది కూడా చెప్పండి: అది రాత్రి బొమ్మ కాదు. వార్నిష్ పొరలు నల్లబడి, మసిబారి పగలు రాత్రయింది, పేరు అలా నిలిచిపోయింది. 1715లో టౌన్ హాల్‌కు మార్చేటప్పుడు గోడకు పట్టలేదని అంచులు కోసేశారు కూడా. ఆ ముక్కలు ఇంతవరకు దొరకలేదు. రసాయన శాస్త్రం చేసిన నష్టాన్ని కొంత తిప్పుకోవచ్చేమో గానీ కత్తెరకు మందు లేదు.

ప్రశ్న: మా తాతగారి నిలువెత్తు ఆయిల్ పెయింటింగ్ అటక మీద చాలా ఏళ్లు గుడ్డ చుట్టి పెట్టాం. ఇప్పుడు దించితే తెల్లటి పంచె పసుపుపచ్చగా ఉంది. పైన మసకగా ఉంది. బంగాళాదుంప ముక్కతో రుద్దితే పోతుందని పక్కింటాయన అంటున్నారు. రుద్దమంటారా?
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు బాబాయిగారూ, బంగాళాదుంపను కూరకు ఉంచండి. దాని రసంలో నీళ్లున్నాయి, పిండి ఉంది. నీళ్లు బీటల్లోంచి లోపలికి దిగి అడుగు పొరను ఉబ్బిస్తాయి. పిండి అక్కడే ఉండి బూజును పిలుస్తుంది. కొబ్బరి నూనె, తడిగుడ్డ, అద్దాలు తుడిచే మందు, ఏదీ వద్దు. రంగు రేకులుగా లేస్తున్నట్టు కనిపిస్తే పొడిగుడ్డ కూడా వద్దు.

పంచె పసుపుకు కారణం బహుశా చీకటే. అవిసె నూనె చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది, వెలుగులో మళ్లీ కొంత విరుగుతుంది. ఇది చాలా పాత సంగతి. రూబెన్స్ అనే చిత్రకారుడు 1629లో తన బొమ్మ ఒకటి పెట్టెలో పెట్టి పంపిస్తూ, దారిలో పసుపెక్కితే ఎండలో పెట్టమని స్నేహితుడికి రాశాడు. అయితే ఆయన చెప్పింది యూరప్ ఎండ. మన గోదావరి మే నెల ఎండలో పెడితే తాతగారు కరిగిపోతారు. నేరుగా ఎండ పడని, వెలుతురున్న గదిలో కొన్ని వారాలు ఉంచి చూడండి. వార్నిష్ పసుపైతే మాత్రం దీంతో పోదు.

వాన పడే వైపు గోడకు తగిలించకండి. ఏ గోడకైనా వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అతికించి గాలి ఆడేలా పెట్టండి. పైన లైటు బిగించకండి, దండ వేస్తే ఫ్రేముకు తగలకుండా వేయండి, తడి పూలు అసలు వద్దు. ముందు పగటి వెలుగులో పక్కనుంచి టార్చ్ వేసి ఫోటోలు తీసి ఉంచండి. ఆరునెలలకోసారి మళ్లీ అదే చోటు నుంచి తీస్తే పాడవుతోందో లేదో మీకే తెలుస్తుంది. బాగుచేయించాలనుకుంటే ఇన్‌టాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ వాళ్లకు కన్జర్వేషన్ కేంద్రాలున్నాయి, లక్నోలో జాతీయ పరిశోధనశాల ఉంది, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ల్యాబు ఉంది. ఎవరి దగ్గరికి పోవాలో వాళ్లను అడగండి. బోర్డులు రాసేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. బోర్డులు రాయించిన మనిషి కూతురిగా చెబుతున్నాను, వాళ్లు తాతగారికి కొత్త మీసం పెట్టి పంపిస్తారు.

ప్రశ్న: మా ఇంట్లో రవివర్మ వేసిన లక్ష్మీదేవి ఆయిల్ పెయింటింగ్ ఉంది. చీరకు మా నాయనమ్మ చమ్కీలు కుట్టింది. అదీ సబ్బు పడుతుందా?
– గృహిణి, విజయవాడ

జవాబు: పడదమ్మా, ఎందుకంటే అది చాలావరకు ఆయిల్ పెయింటింగ్ అయ్యుండదు. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి తన బొమ్మల్ని రాతి అచ్చుల మీద రంగురంగులుగా ముద్రించాడు. తర్వాత ఆ ప్రెస్ లోనావాలా దగ్గర మలవలికి మారింది. వాటికి ఓలియోగ్రాఫులని పేరు. కాగితం మీద కాన్వాసు గుడ్డలా గళ్లు అద్ది, పైన వార్నిష్ పూసేవాళ్లు, చూస్తే ఆయిల్ రంగులనే అనిపిస్తుంది. చేతి భూతద్దం పెట్టి బుగ్గ దగ్గర చూడండి. చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అచ్చు బొమ్మ.

అచ్చయితే దాని శత్రువులు వేరు: వెనక పెట్టిన చవక అట్టలోని ఆమ్లం, చెదలు, వెండిచేపలనే కాగితం తినే పురుగులు. అద్దం బొమ్మకు తగలకుండా చూసుకోండి, మధ్యలో చెమ్మ చేరితే వార్నిష్ అద్దానికి అతుక్కుంటుంది. మీ బొమ్మలో చమ్కీల మందం ఉంది కనక ఆ ఎడం ఎలాగూ కావాలి. చమ్కీలు పీకి 'అసలు' బొమ్మ బయటపెడదామని మాత్రం అనుకోకండి, అవి కూడా ఇప్పుడు అసలే. అవి నాయనమ్మ ఏ ఏడు కుట్టిందో, ఏ కొట్లో కొన్నదో చెప్పగలిగేవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటే ఈ ఆదివారమే అడిగి, బొమ్మ వెనక కాదు, విడిగా ఒక కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టండి.